చంద్రగిరి ఖైదీల సంగతి కూడా చెప్పాలి

చంద్రగిరి కోటకు పోయిన మనిషి ముందు రాజమహల్‌ను చూస్తాడు. చూడాల్సిన కట్టడమే. కొయ్య వాడకుండా ఇటుక, సున్నం, రాయితోనే మూడంతస్తులు లేపారు. వెనక బండల కొండ, కొండ చుట్టూ కోటగోడ. లోపల పురావస్తు శాఖ మ్యూజియంలో రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు. నేను పోయినప్పుడు మాత్రం నా చూపు తలుపుల దగ్గర ఆగిపోతుంది. గడియ లోపలివాడు పెట్టుకునేదా, బయటివాడు వేసేదా? కిటికీ మనిషి తలకన్నా ఎంత ఎత్తులో ఉంది? కావలివాడు ఎక్కడ నిలబడితే మెట్లూ వాకిలీ రెండూ కనబడతాయి? జైళ్ల శాఖలో వార్డర్‌గా చేరి, హెడ్ వార్డర్‌గా రిటైరై, ఇప్పుడు కాణిపాకంలో గుడికి కూతవేటు దూరంలో ఉంటున్నాను. కట్టడం ఏదైనా దాన్ని తాళం వైపు నుంచి చూడటం నా ఉద్యోగం నేర్పిన చూపు.

దసరా సెలవుల్లో మనవళ్లను వెంటబెట్టుకుని పూతలపట్టు, పాకాల మీదుగా చంద్రగిరికి పోయాం. పెద్దోడు అంతకుముందే గోల్కొండ చూసొచ్చాడు. మహల్ మెట్లు దిగుతూ అడిగాడు.

“తాతా, గోల్కొండలో రామదాసు జైలు చూపించినారు. ఈడ జైలు యాడుంది?”

“ఈ కోటంతా జైలే రా నాయనా.”

“అట్లని యాడ రాసుంది?”

రాసింది చూపిస్తే తప్ప నమ్మనన్నాడు. పిలకాయ అడిగింది న్యాయమైన మాట. వాడికి ఆ పూట కోటగోడ నీడలో కూర్చోబెట్టి చెప్పిందే ఇప్పుడు పత్రికలో రాస్తున్నాను, ఎందుకంటే అది మా ఇంట్లో మాత్రమే తెలిస్తే చాలదు.

అచ్యుత దేవరాయల కాలంలో ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు విజయనగరంలో ఉండి, అక్కడ విన్నవీ కన్నవీ రాసిపెట్టాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో అచ్చువేశాడు. అందులో ఇలా ఉంది. వీరనరసింహరాయలు చావుబతుకుల్లో ఉండి మంత్రి సాళువ తిమ్మరుసును పిలిపించాడు. తన ఎనిమిదేళ్ల కొడుక్కి పట్టం కట్టమన్నాడు. వాడికి అడ్డు లేకుండా తమ్ముడు కృష్ణరాయల కళ్లు పెరికించి తెచ్చి చూపించమన్నాడు. తిమ్మరుసుకు చేతులు రాలేదు. మేక కళ్లు తెప్పించి చూపించాడు. రాజు కన్నుమూశాడు, 1509లో కృష్ణదేవరాయలు గద్దెనెక్కాడు.

మేక కళ్ల కథ మన ఇళ్లలో చాలామందికి తెలుసు. ఆ ఎనిమిదేళ్ల పిలకాయ ఏమయ్యాడని మాత్రం ఎవరూ అడగరు. నూనిజ్ అదీ రాశాడు. కొత్త రాజు అన్న కొడుకునూ, తన ముగ్గురు సోదరులనూ చంద్రగిరి కోటకు పంపి కావలిలో పెట్టించాడు. అన్న కొడుకు చచ్చిపోయేదాకా అక్కడే ఉన్నాడు. సోదరుల్లో ఒకడు అచ్యుతుడు. 1529లో రాయలు పోయేముందు, తన సొంత కొడుకు ఏడాదిన్నర పసివాడు కాబట్టి, చంద్రగిరిలో ఉన్న అచ్యుతుణ్ణి రాజును చెయ్యమని చెప్పి పోయాడు. 1509 నుంచి 1529. రాయలు గజపతి మీద గెలిచి, ఉదయగిరి, కొండవీడు పట్టుకుని, భువనవిజయంలో కవిత్వం విన్న కాలమంతా ఆయన సోదరులు మా చిత్తూరు సీమ కొండ కింద తాళం మాటున ఉన్నారు.

ఇరవై ఏళ్ల కావలి అంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకున్నవాణ్ణి కాను. యావజ్జీవం పడి పద్నాలుగేళ్లు, పదహారేళ్లు ఉండి బయటికి పోయిన మనుషులను గేటుదాకా సాగనంపినవాణ్ణి. వాళ్లు గేటు దాటాక వెంటనే నడవరు. ఎవరైనా పొమ్మంటారేమోనని చూస్తారు. ఇంటికి పోయిన తర్వాత కూడా మూసిన తలుపు ముందర నిలబడిపోతారని, ఎవరో వచ్చి తియ్యాలని ఎదురు చూస్తారని వాళ్ల ఇళ్లవాళ్లే నాకు చెప్పారు. చీకట్లో నిద్ర పట్టదు, బ్యారక్‌లో రాత్రంతా లైటు వెలుగుతుంది కాబట్టి. గంట కొట్టకపోతే ఆకలి తెలియదు. ఇవన్నీ శిక్ష పడిన ఖైదీల సంగతులు. వాళ్లకు కనీసం ఒక లెక్క ఉంటుంది. కోర్టు ఇంత అని చెప్పింది, రెమిషన్ ఇంత వస్తుంది, మిగిలింది ఇంత అని గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటారు.

లెక్క లేనివాడి బాధ వేరు. రిమాండ్ ఖైదీ రోజూ ములాఖత్ గది వైపు చూస్తాడు. కేసు ఎప్పటికి తేలుతుందో లాయరుకూ తెలియదు, నాకూ తెలియదు. 2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం మన దేశపు జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ముగియనివాళ్లే. నూటికి డెబ్బై అయిదుమంది పైమాట. నా సర్వీసులో ఎక్కువగా తాళం వేసింది ఇలాంటివాళ్ల మీదే. చంద్రగిరి రాజఖైదీలకు ఆ కేసైనా లేదు. నేరం లేదు, విచారణ లేదు, తీర్పు లేదు. రాజు ఇంట పుట్టడమే వాళ్లు చేసిన పని. రాజు బతికి ఉన్నన్నాళ్లూ లోపల ఉండాలి. అన్న చావు కోసం ఎదురు చూడటం తప్ప అచ్యుతుడి ముందర వేరే తేదీ ఏదీ లేదు. మనిషిని అలాంటి కోరిక కోరుకునే స్థితిలో ఉంచడం కన్నా కఠినమైన శిక్షను నేను నా ఉద్యోగంలో చూడలేదు.

ఇక ఆ పిలకాయ. తల్లి జైలుకు వస్తే ఆరేళ్లలోపు బిడ్డను ఆమె దగ్గర ఉండనివ్వవచ్చని, ఆపైన ఉంచకూడదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఆ తీర్పు మన ఆంధ్రప్రదేశ్ పేరు ఉన్న కేసులోనే వచ్చింది. ఆడవాళ్ల బ్యారక్‌లో అలాంటి పిలకాయలను చూశాను. వాళ్లు ఆడుకునే ఆట ఏమిటంటే ఒకరు తాళం వేసేవాళ్లు, మిగిలినవాళ్లు వరసగా కూర్చుని తలల లెక్క ఇచ్చేవాళ్లు. బయట కుక్కను చూస్తే ఏడ్చిన బిడ్డ ఉంది, అంతకుముందు ఎప్పుడూ చూడలేదు కాబట్టి. చంద్రగిరికి వచ్చిన పిలకాయ అరగంట పాటు రాజు కాబోయినవాడు. ఆ తర్వాత ఎవరి నోటా వాడి పేరు రాలేదు. నూనిజ్ కూడా ఫలానా రాజు కొడుకు అని రాశాడే గాని పేరు రాయలేదు. జైలు గేటు లోపలికి ఎవరు వచ్చినా ముందు రిజిస్టర్ తెరుస్తాం. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టుమచ్చలు, వచ్చిన తేదీ, వారెంటు నంబరు. పోయిన తేదీ గడి ఖాళీగా ఉంటుంది. ఎంత చిన్న దొంగతనం చేసినవాడికైనా ఆ పేజీ ఉంటుంది. చక్రవర్తి కొడుక్కి లేదు.

ఇది రాయలవారిని తగ్గించడం అవుతుందని కొందరు నాతో వాదించారు. మా పక్కింటి పెద్దాయన అయితే, “ఆయన పేరు చెప్పి బతికే సీమలో ఉండి ఈ మాటలేంది సామీ” అని కోప్పడ్డాడు. ఆయన మీద నాకు గౌరవముంది గాని ఆ వాదన నిలబడదు. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ సినిమా ఇందుకు సాక్ష్యం. తన కళ్లను కాపాడిన మంత్రిని అదే రాయలు కొడుకు చావు నేరం మోపి ఖైదు చేసి కళ్లు తీయించాడన్న కథను తెలుగువాళ్లు టికెట్ కొని చూశారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత రాయల మీద ప్రేమ ఎవరికైనా తగ్గిందా? గొప్పవాడు చేసిన తప్పును విని తట్టుకునే గుండె మన జనానికి ఉంది. చెప్పడానికే మనం జంకుతున్నాం.

తిరుమలకు పోయినప్పుడు మహాద్వారం దాటగానే ప్రతిమా మండపం వస్తుంది. క్యూలో తోపులాటలో దాని మీద చూపు నిలవదు. ఈసారి నిలిపి చూడండి. ఒక పక్క తిరుమలదేవి, చిన్నాదేవిలతో కృష్ణదేవరాయలు చేతులు జోడించి నిలబడ్డాడు. ఇంకో పక్క నల్లరాతిలో అచ్యుతరాయలు, ఆయన దేవేరి వరదాజి అమ్మణ్ణి, వాళ్లూ చేతులు జోడించే ఉన్నారు. కావలిలో పెట్టినవాడూ కావలిలో ఉన్నవాడూ ఒకే మండపంలో ఒకే దేవుడి ముందర ఉన్నారు. కావలి నుంచి బయటికొచ్చిన అచ్యుతుడు ఆ కొండ మీదా, కాళహస్తిలోనూ, ఆ తర్వాతే విజయనగరంలోనూ పట్టాభిషేకం చేయించుకున్నాడని చరిత్రకారులు రాశారు. తిరుపతి కపిలతీర్థం చుట్టూ రాతి మెట్లు, సంధ్యావందన మండపాలు ఈయన చలవే. ఇరవై ఏళ్లు కొండ గోడల మధ్య ఉన్న మనిషి రాజవగానే నీళ్ల గట్టున జనం కూర్చునే చోటు కట్టించాడు. నాకు ఆ మెట్ల మీద కూర్చుంటే ఈ మాట గుర్తుకు రాకుండా ఉండదు.

ఆయన తర్వాత కూడా కథ మారలేదు. కొన్నాళ్లకు సదాశివరాయలను గుత్తి కోట ఖైదు నుంచి తెచ్చి అళియ రామరాయలు పట్టం కట్టాడు. పేరుకు రాజు, ఉన్నది మళ్లీ కావలిలో.

కాణిపాకానికి చంద్రగిరి ఒక పక్కనుంటే ఇంకో పక్క వేలూరు ఉంది. చిత్తూరు దాటి కాట్పాడి మీదుగా పోతే గంటన్నర ప్రయాణం. మా ఊళ్ల జనం ఆసుపత్రి కోసం నిత్యం పోయే ఊరే. రోగిని లోపల చేర్చి, ఏమీ తోచక కోట కందకం గట్టున కూర్చున్నవాళ్లు మా వైపు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ కోట గోడలు తెలుగువాళ్ల కన్నీళ్లు ఎన్ని చూశాయో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చంద్రగిరిని రాజధాని చేసుకుని ఏలిన వేంకటపతిరాయలు 1614లో చనిపోయాక ఆయన వారసుడు శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాయలు వేలూరు కోటలో కుటుంబంతో సహా బంధించాడు. వెంకటగిరి వెలుగోటి యాచమనాయుడు బయట నుంచి ఎన్నో విధాల ప్రయత్నించి, చివరికి అంతఃపురం బట్టలుతికే చాకలాయనను ఆశ్రయించాడు. ఆయన రాజుగారి పన్నెండేళ్ల కొడుకు రామదేవుణ్ణి మైలబట్టల మూటలో పెట్టుకుని కావలివాళ్ల ముందర నుంచే బయటికి తెచ్చాడు. లోపల మిగిలినవాళ్లందరినీ చంపేశారు. బరడాస్ అనే క్రైస్తవ పాదిరి 1616లో రాసిన జాబులో ఈ సంగతి ఉంది. జైల్లో పనిచేసినవాడిగా ఒక మాట చెబుతాను. గేటు దగ్గర అందరినీ తడిమి చూస్తాం, మురికి బట్టల మూటను విప్పి చూడటానికి చెయ్యి వెనకాడుతుంది. దానిమీద తన ప్రాణం పెట్టి పందెం కాసినవాడు ఆ చాకలి. దొరికితే ఆయన తల అక్కడే తెగేది. రామదేవరాయలు పెరిగి పెద్దయి రాజ్యం ఏలాడు. ఆ మూట మోసిన మనిషికి మా సీమలో ఒక విగ్రహం ఉండాలి. ఈ మాట నేను బలంగా అంటున్నాను.

అదే కోటలో టిప్పు సుల్తాన్ కొడుకులు 1799 నుంచి ఉన్నారు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడ్డాక వాళ్లను కలకత్తాకు తరలించారు. పదేళ్లకు శ్రీలంక కండి రాజ్యపు చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహను తెచ్చారు. మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబం. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని, 1816లో ఓడలో మద్రాసుకు తెచ్చి, అక్కణ్ణుంచి వేలూరుకు పంపారు. 1832లో చనిపోయేదాకా అక్కడే. పాలారు గట్టున ఆయన సమాధి దగ్గర తమిళనాడు ప్రభుత్వం ముత్తుమండపం కట్టింది. ఓడిపోయి చెరలో చచ్చిపోయిన రాజుకు పొరుగు రాష్ట్రం స్మారకం కట్టగలిగినప్పుడు, మన రాజ్యపు పిలకాయకు మనం ఒక పలక పెట్టలేమా?

గోల్కొండలో రామదాసు గది దగ్గర జనం చెప్పులు విప్పి నిలబడతారు. ఆ రామదాసు, అంటే కంచర్ల గోపన్న, పన్నెండేళ్లు అక్కడున్నాడు. గోడ మీద సీతారాముల రూపాలు ఆయనే చెక్కాడంటారు. అంతమంది అక్కడికి రావడానికి కారణం ఆయన లోపల నుంచి పాడాడు, ఆ పాట బయటికొచ్చి మన నోళ్లలో నిలిచింది. ఆయన్ను బంధించిన తానీషాకు ఏమైందో కూడా తెలుసుకోవాలి. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకుని అబుల్ హసన్ తానీషాను దౌలతాబాద్ కోటలో చీనీ మహల్ అనే కట్టడంలో పెట్టాడు. తానీషా కూడా పన్నెండేళ్ల పైచిలుకు చెరలోనే ఉండి అక్కడే పోయాడు. చంద్రగిరి ఖైదీలకు పాట లేదు. పాడనివాడి బాధ తక్కువ బాధ కాదు. పాట లేనివాళ్ల తరఫున మాట్లాడాల్సింది బోర్డులూ, పుస్తకాలూ, గైడ్లూ, మనలాంటివాళ్లమూ.

లండన్ టవర్ సంగతి చూడండి. 1483లో పన్నెండేళ్ల రాజు అయిదో ఎడ్వర్డును, తొమ్మిదేళ్ల తమ్ముణ్ణి వాళ్ల చిన్నాన్న ఆ కోటలో పెట్టించి తాను రాజయ్యాడు. పిల్లలు మళ్లీ బయట కనబడలేదు. చంద్రగిరి పిలకాయ కథకు అది సరిగ్గా ఇరవై ఆరేళ్ల ముందు. అక్కడ ఆ కథను దాచలేదు. అదే కోటలోని బీచమ్ టవర్ గోడల మీద ఖైదీలు చెక్కుకున్న పేర్లను అద్దాల వెనక భద్రపరిచి చూపిస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి జనం టికెట్ కొని వచ్చి ఆ పిల్లల పేర్లు పలుకుతారు. మన మనవళ్లు చదువుకోవడానికి ఇంగ్లండు పోతే ఆ కథ విని ఫోన్‌లో మనకు చెబుతారు. చంద్రగిరి కథ చెప్పమంటే వాళ్ల దగ్గర ఏముంది?

మా ఊరి బాహుదా నది కథ కూడా శిక్ష కథే. లిఖితుడు అడగకుండా తోటలో మామిడిపండు కోసుకుని తిన్నాడు. అన్న శంఖుడు, తమ్ముడని చూడకుండా, రాజు దగ్గరికి పోయి చేసింది చెప్పుకొమ్మన్నాడు. రాజు చేతులు నరికించాడు. ఈ నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. ఈ కథలో రాజు వేసిన శిక్షను నేను ఎన్నడూ సమర్థించను. పండుకు చేతులా? కానీ ఒకటి మాత్రం ఉంది. తప్పు ఏమిటో అందరికీ తెలుసు, శిక్ష ఏమిటో అందరికీ తెలుసు, అది బహిరంగంగా జరిగింది. ఈ రోజుకీ మా వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యడానికి జిల్లాలు దాటి వస్తారు. పొలం గట్టు తగాదా, అప్పు తగాదా, దొంగతనం నింద. తడిబట్టలతో నిలబడి నిజం చెబుతారు. చెప్పకుండా వదిలేసిన నిజం ఒక్కోసారి అబద్ధమంత పని చేస్తుందని ఆ గుడి మెట్ల దగ్గర కూర్చునే ఏ పెద్దాయనైనా చెబుతాడు. చంద్రగిరి గురించి మన జిల్లా అంతా కలిసి అలా వదిలేసింది.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. కోటను కూల్చి కట్టమనడం లేదు, ఏదో ఒక గదికి సున్నం కొట్టి ఇదే జైలని అబద్ధం చెప్పమనడం అసలే లేదు. అలా చెయ్యకూడదు. ఇప్పుడున్న రాజమహల్ ఆ ఖైదీల తర్వాతి కాలపు కట్టడం, దాన్ని వాళ్ల గదిగా చూపించడం తప్పు. కోట మొత్తానికి ఒక పలక చాలు. కోటలో లైట్ల వెలుగులో కథ చెప్పే ప్రదర్శన పెడితే అందులో అయిదు నిమిషాలు వీళ్లకు ఇవ్వాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల బడి పిలకాయలను విహారయాత్రకు తెచ్చే టీచర్లు 1639లో మద్రాసు స్థలం కోసం ఇంగ్లీషువాళ్లకు దక్కిన అనుమతి గురించి చెప్పేటప్పుడు, దానికి నూటముప్పై ఏళ్ల ముందు అక్కడికి వచ్చిన తమ వయసు పిలకాయ గురించి కూడా చెప్పాలి. తెలుగు మాట్లాడే చరిత్ర అధ్యాపకులు సూయల్ పుస్తకంలోని ఆ నాలుగు పేజీలను సులువైన తెలుగులో చిన్న కరపత్రంగా వేస్తే టికెట్ కౌంటర్ దగ్గర పెట్టవచ్చు. కాగితం ఖర్చు నా పింఛను నుంచి ఇస్తాను.

పలకను రాజమహల్ మెట్ల పక్కన, అయిదో తరగతి పిలకాయ తలెత్తకుండా చదవగలిగే ఎత్తులో పెట్టాలి. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. నా మనవడికి నేను నోటుపుస్తకంలో రాసిచ్చిన మాటలు ఇవి. అధికారులు ఇంతకన్నా బాగా రాయగలిగితే అలాగే రాయండి:

“విజయనగర రాజకుటుంబీకులను 1509 తర్వాత ఈ కోటలో బందీలుగా ఉంచారు. వీరనరసింహరాయల కొడుకు ఎనిమిదేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని, చంద్రగిరి చెరలోనే ఉండి, ఇక్కడే చనిపోయాడు. కృష్ణదేవరాయల సోదరులు ముగ్గురు ఇక్కడ ఉన్నారు. వారిలో అచ్యుత దేవరాయలు 1529లో ఇక్కడి నుంచి వెళ్లి రాజయ్యాడు. వీరిలో ఎవరికీ ఏ నేరానికీ విచారణ జరగలేదు.”